పాత మోటారు పడవ – ఇంటికి చేర్చే దారి



పశువును కొనేటప్పుడు పండ్లు చూస్తాము, నడక చూస్తాము. కొన్న తరువాత ఏ బాటన తోలుకొని రావాలో కూడా ఆలోచిస్తాము. పాత మోటారు పడవ విషయంలో మాత్రం బేరం మీద పెట్టిన శ్రద్ధ బాట మీద పెట్టము. సింగూరు జలాశయంలో వలలు వేసే ఒక సంఘం మచిలీపట్నం తీరాన ఒక పాత ఫైబరు పడవను బేరమాడిందనుకొందాము. దానిని క్షేమంగా ఇంటికి చేర్చడమెట్లా అన్నదే ఈనాటి ముచ్చట. సభ్యులందరూ తలా ఇంత వేసుకొన్న సొమ్ము అది. తోవలో పడవ పగిలితే సొమ్మూ పోతుంది, ఆ ఏటి వేటా పోతుంది. కరెంటు తీగ తగిలితే ప్రాణమే పోతుంది.

పడవే కదా, నీటి మీదనే ఎందుకు రాకూడదని ఎవరైనా అడగవచ్చు. కృష్ణకు ఎదురెక్కితే విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజి, ఆ పైన పులిచింతల, నాగార్జునసాగర్ ఆనకట్టలు అడ్డము. పైగా మన సింగూరు ఉన్నది మంజీర మీద. మంజీర పోయి కలిసేది గోదావరిలో గాని కృష్ణలో గాదు. కనుక పడవకు లారీ తప్పదు.

దారి వెతకడానికి ముందు టేపు చేతబట్టండి. లారీ చట్రం నేల నుంచి 4 అడుగులుందనుకొందాము. దాని మీద అర అడుగు దుంగలు. పడవ లోతు మూడున్నర అడుగులు. మొత్తం 8 అడుగులయింది. పడవకు నీడ కోసం గుడారపు గుంజలు ఇంకో అయిదున్నర అడుగులు లేచి ఉంటే పదమూడున్నర అడుగులవుతుంది! ఆ గుంజలు విప్పి పక్కన కట్టుకొంటే సగం ఆపద అక్కడే తీరిపోతుంది. వెడల్పు కూడా చూడండి. రోడ్డు మీద బండి వెడల్పు 2.6 మీటర్లు, అంటే సుమారు ఎనిమిదిన్నర అడుగులు దాటరాదని మోటారు వాహనాల నిబంధన. పడవ అంతకు మించి ఉంటే ముందుగా అనుమతి పొందాలి. ఎత్తు, వెడల్పు, పొడవు – ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద వ్రాసి డ్రైవరు ఎదుట అంటించండి.

ఇక బాట. మచిలీపట్నం నుంచి పూణే దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి విజయవాడ, సూర్యాపేట, చౌటుప్పల్ మీదుగా హైదరాబాదు చేరి, అవతల పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు సాగుతుంది. సంగారెడ్డి నుంచి జోగిపేట తోవ పడితే మన ఊరు వచ్చినట్టే. చిక్కంతా నడుమనున్న హైదరాబాదు వద్దనే. అక్కడ మూడు దారులున్నాయి.

మొదటిది నగరం నడుమ నుంచి. ఎల్.బి. నగర్, అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్. చాలా మేర నెత్తి మీద మెట్రో రైలు కట్టడము, కింద ఇరుకు. పగటిపూట భారీ లారీలకు ఆంక్షలు కూడా ఉన్నాయి.

రెండవది గచ్చిబౌలి, హైటెక్ సిటీ, కొండాపూర్ మీదుగా మియాపూర్ చేరేది. నడిబొడ్డు తప్పుతుందని కొందరు దీనికి ఆశపడతారు. 1998లో సైబర్ టవర్స్ తెరచిన నాటి నుంచి రాళ్లగుట్టల ఆ నేల అంతా ఆఫీసుల బస్తీ అయిపోయింది. ఉదయం, సాయంత్రం కార్లు చీమల బారు వలె నడుస్తాయి. అండర్‌పాసులు, ఫ్లైఓవర్లు అడుగడుగునా తగులుతాయి. దుర్గం చెరువు మీద 2020లో తెరచిన తీగల వంతెన చూడముచ్చటైనదే గాని, బరువు బండ్లకు కాదు. మోకు వదులైతే లారీని పక్కకు తీసి బిగించుకొనే చోటు కూడా ఆ రోడ్ల మీద దొరకదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. చేతిలోని ఫోను పటం చూపే దారి కారుకు దారి. లారీ మీద పడవ ఉన్న సంగతి దానికి తెలియదు. దూరం తగ్గితే చాలునని అండర్‌పాసు కిందికి కూడా తోలుతుంది. పటాన్ని అడగండి, కాని టేపు చెప్పినదే వినండి.

మూడవది ఔటర్ రింగ్ రోడ్డు. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల వలయమిది. పెద్ద అంబర్‌పేట వద్ద ఎక్కి పటాన్‌చెరు దాపున ముత్తంగి వద్ద దిగవచ్చు. శంషాబాద్, నార్సింగి, కోకాపేట మీదుగా దక్షిణపు చుట్టు ఒకటి. ఘట్‌కేసర్, శామీర్‌పేట, మేడ్చల్ మీదుగా ఉత్తరపు చుట్టు ఒకటి. ఆఫీసు బండ్ల ఒత్తిడి తప్పాలంటే ఉత్తరపు చుట్టే మేలు. కిలోమీటర్లు కొన్ని పెరుగుతాయి, టోలు రుసుం కట్టాలి. పగిలిన పడవకు వేసే అతుకు కన్న అది చవకే. అయితే ఒక హెచ్చరిక. ఈ రోడ్డు మీద బండ్లు గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో పోతాయి. ట్రాక్టరు ట్రాలీకి పడవ కట్టి దీని మీదికి ఎక్కవద్దు. లారీ అయినా ఎడమ వరుస విడువక నిదానంగా పోవాలి. వేగం పెరిగితే ఖాళీ పడవ గాలిని తెరచాప వలె పట్టుతుంది.

లారీ ఎక్కించేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి. ఇంజను విప్పి వేరుగా, నిలువుగా కట్టండి. పెట్రోలు తీసివేయండి, బ్యాటరీ తీగలు ఊడదీయండి. అడుగున నీరుపోయే బిరడా తీసి ఉంచితే వానపడినా పడవలో నీరు నిలువదు. దుంగల మీద గడ్డి నింపిన గోనెలు పరచి, పడవ ముక్కు ముందుకు ఉండేట్టు పెట్టి, రెండు చోట్ల అడ్డంగా మోకులు బిగించండి. 20 కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ బిగించండి. పడవలో మనుషులు ఎక్కనే కూడదు.

పట్నం దాటినాము గదా అని నిశ్చింత వద్దు. ఎండాకాలం మధ్యాహ్నం ఊరి దారిలో కరెంటు తీగలు సాగి కిందికి వేలాడతాయి. ముందురోజే ఒకరు మోటారు సైకిలు మీద పోయి, రోడ్డు దిగినచోటు నుంచి రేవు దాకా తీగలు, కల్వర్టులు, మలుపులు చూసి రావాలి. తీగ కిందుగా ఉంటే కర్రతో లేపే సాహసం చేయవద్దు. లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించండి.

చివరి మాట నీటి ఒడ్డుది. హుస్సేన్‌సాగర్ బుద్ధ విగ్రహం సంగతి మీరెరుగుదురు. భువనగిరి దాపున రాయగిరిలో చెక్కిన ఆ ఏకశిలను అనేక చక్రాల బండి మీద జాగ్రత్తగా నగరానికి చేర్చినారు. రోడ్డంతా క్షేమంగా గడిచింది. 1990 మార్చి 10న పంటు మీద సాగర్ నడుమకు తీసుకొని పోతుండగా పంటు ఒరిగి విగ్రహం నీటి పాలయింది, మనుషులూ మరణించినారు. దానిని పైకి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టినారు. ప్రయాణం రోడ్డుతో ముగియదు. లారీ మీది నుంచి నీటిలోకి దింపే ఆ కొద్ది గజాలు కూడా బాటలో భాగమే.

కనుక దింపే రేవును కూడా ముందే ఎంచండి. బురద శికం వద్దు, గట్టి నేల కావాలి. సింగూరు నీరు పట్నవాసులు త్రాగే నీరు కూడా. ఇంజను నూనె కారకుండా చూసి, నీటిపారుదల, మత్స్య శాఖల అనుమతి పొందిన తరువాతే పడవను దింపండి.

ముందు కొలత, తరువాత ఖాళీ చేతులతో ఒకసారి బాట చూచిరావడం, ఆ తరువాతే బరువు. ఈ వరుస తప్పకపోతే పాత పడవైనా మీ రేవుకు క్షేమంగా చేరుతుంది.