నీరు నొక్కెడి మీట

మార్కాపురము పేరు వినగనే మనకు పలక జ్ఞప్తికి వచ్చును. మనము అక్షరములు దిద్దుకొన్న ఆ నల్లరాతికి మరియొక గుణము కూడ కలదు. అది విద్యుత్తును తన గుండ పోనీయదు. అందుచేతనే విద్యుద్దీపములు వెలసిన తొలినాళ్లలో పాశ్చాత్య దేశములందు పెద్దపెద్ద మీటలను పలకరాతి ఫలకములపై బిగించెడివారు. ఆనాటి మీటను నొక్కుటకు మనుష్యుని చేయి కావలసియుండెను. నేడు ఆ పనిని నీటిచేతనే చేయించవచ్చును. అది యెట్లో, దానివలన ఈ ప్రాంతపు రైతునకు కలుగు మేలెట్టిదో విన్నవింతుము.

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతము వానలు తక్కువైన మెట్టనేల. గుండ్లకమ్మకు అడ్డముగ కట్టిన కంభము చెరువు ఉన్నను, దాని ఆయకట్టునకు వెలుపలనున్న అనేక పల్లెలకు బోరుబావియే ఆధారము. వేసవిలో బోరులోని నీరు దిగిపోవును. లోన దింపిన మోటారును చల్లబరచునది చుట్టునున్న నీరే. పంపులో తిరుగు భాగములకు కందెన కూడ ఆ నీరే. నీరు లేక తిరిగినచో మోటారు వేడెక్కి, దానిలోని తీగచుట్ట కాలిపోవును. దానిని పైకి లాగుట, మరల చుట్టించుట, తిరిగి దింపుట—ఇంతలో చేనిలోని పైరు ఎండిపోవచ్చును.

వ్యవసాయమునకు మూడు ఫేజుల కరెంటు దినమంతయు ఉండదు. ఏ వేళ వచ్చినను మోటారు తనంతట తాను తిరుగవలెనని పలువురు ఆటో స్టార్టరు పెట్టుకొందురు. కరెంటు వచ్చినదని ఆ స్టార్టరునకు తెలియును గాని, బోరులో నీరున్నదో లేదో తెలియదు. ఆ తెలివిని దానికి సమకూర్చుటయే మన పని.

శుద్ధమైన నీటిగుండ విద్యుత్తు ప్రవహించుట బహు స్వల్పము. నీటిలో కరిగిన లవణములే దానికి దారి యిచ్చును. ఈ ప్రాంతపు బోరునీటిలో లవణములకు కొదువ లేదు. ఎముకలకు చేటుచేయు ఫ్లోరైడు కూడ పలుచోట్ల ఉన్నది. త్రాగుటకు కీడైన ఈ గుణమే మన మీటకు అనుకూలము. ఈ ప్రసంగమునకై మేము ఒక గ్లాసుడు బోరునీటిలో రెండు ఉక్కుచెంచాలను ముంచి, పండ్రెండు వోల్టుల బ్యాటరీతో ఒక వలయమును కూర్చి చూచితిమి. రిలే 'టక్కు'మని పలికెను. బోరునీటిని పారబోసి వాననీటిని పోసినప్పుడు అది పలుకలేదు.

అయితే నీటిగుండ వచ్చిన ప్రవాహము మిక్కిలి బలహీనమైనది. సుమారు అర మిల్లీ ఆంపియరు మాత్రమే. ఐదు హార్స్‌పవరు మోటారు తిరుగునప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు తీసికొనును. ఇది దానికి పదునైదువేల రెట్లు. ఈ బలహీనుడు ఆ బలవంతుని శాసించుట యెట్లు?

ఇచట ట్రాన్సిస్టరు తోడ్పడును. ట్రాన్సిస్టరనగా చాలమందికి చేతిలో పట్టుకొను రేడియోయే. వాస్తవమునకు అది ఆ రేడియోలోపలి చిన్న పరికరము పేరు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ అనువారు తొలి ట్రాన్సిస్టరును పనిచేయించిరి. వారికిని, వారితో కృషిచేసిన షాక్లీకిని 1956లో నోబెల్ బహుమానము లభించెను. దీనికి మూడు కాళ్లుండును: బేసు, ఎమిటరు, కలెక్టరు. చెరువు తూమును తలచుకొనుడు. తూము తలుపును ఎత్తుటకు కావలసిన బలము కొంచెము. దానిగుండ పారు నీరు విస్తారము. అట్లే బేసులోనికి పోవు స్వల్పప్రవాహము, కలెక్టరునుండి ఎమిటరునకు పోవు పెద్దప్రవాహమునకు దారి తెరచును. నూరు రెట్లు పెంచగల ట్రాన్సిస్టరు, అర మిల్లీ ఆంపియరుతో ఏబది మిల్లీ ఆంపియర్లను నడుపగలదు. చిన్న రిలేకు ముప్పది చాలును. బేసునకు ప్రవాహము మితిమీరకుండ అడ్డుకొనుటకు దారిలో ఒక రెసిస్టరు నుంచవలెను.

రిలే అనునది తీగచుట్టతో చేసిన విద్యుదయస్కాంతము. ప్రవాహము రాగనే అది ఒక ఇనుపరేకును లాగి, వేరొక వలయమును కలుపును. ఆ వలయము స్టార్టరులోని కాంటాక్టరును పనిచేయించును. కాంటాక్టరు మోటారును నడుపును. ఈ విధముగా నీటిమాట ఒకరినుండి ఒకరికి అందుచు, అంతకంతకు బలపడి మోటారును చేరును.

రిలేచుట్టతో ఒక చిక్కు కలదు. గొట్టములో పారు నీటిని తటాలున ఆపినచో గొట్టము అదరును. అట్లే చుట్టలోని ప్రవాహమును తటాలున ఆపినచో పెద్ద వోల్టేజి పుట్టి ట్రాన్సిస్టరును చెరుపును. ఒకే దిశలో దారి యిచ్చు డయోడును చుట్టకు అడ్డముగ, వ్యతిరేకదిశలో కలిపినచో, ఆ పొంగు దానిగుండ తిరిగి చల్లారిపోవును. కొద్ది ధరకు వచ్చు ఈ డయోడును మరచినవాడు ట్రాన్సిస్టర్లను మార్చుచునే యుండవలసివచ్చును.

ఇక కడ్డీల సంగతి. ఒక్కమట్టముననే కడ్డీని పెట్టినచో, నీరు దానిని తాకిన క్షణమున మోటారు తిరుగును. నీరు కొంచెము దిగగనే ఆగును. మరల ఊరగనే తిరుగును. అట్టి ఆగాగి తిరుగుట మోటారునకు చేటు. కావున రెండు మట్టములు కావలెను. పంపునకు కొంత ఎగువన ఒక కడ్డీ. దానికి కొన్ని మీటర్ల పైన రెండవది. రెంటికిని విద్యుత్తునందించు మూడవ కడ్డీ అన్నిటికంటె క్రిందుండును. నీరు పైకడ్డీని తాకినప్పుడే రిలే లాగుకొనును. లాగుకొనిన వెంటనే దాని రెండవ జత కొసలు క్రిందికడ్డీని కూడ బేసుతో కలుపును. అందువలన నీరు పైకడ్డీని విడిచినను మోటారు తిరుగుచునే యుండి, క్రిందికడ్డీని విడిచినప్పుడే ఆగును. బోరు తిరిగి ఊరి పైకడ్డీని తాకువరకు ఓర్పుతో వేచియుండును.

అన్నిటికంటె ముఖ్యమైన విషయము వేరొకటి కలదు: తీగ తెగినచో ఏమగును? మన కూర్పులో రిలే లాగుకొనియున్నప్పుడే మోటారు తిరుగును. తీగ తెగినను, కడ్డీకి సున్నము పట్టినను, ట్రాన్సిస్టరునకు ప్రవాహమందక మోటారు ఆగిపోవును. ఒకపూట నీరు తప్పవచ్చును గాని మోటారు దక్కును. దీనికి విరుద్ధముగ, రిలే లాగుకొనినప్పుడు మోటారు ఆగునట్లు కలిపినచో, తీగ తెగిననాడు మోటారు కాలువరకు తిరుగును. రెండును మామూలు దినములలో ఒకేతీరున పనిచేయును. భేదము చెడిననాడు గాని తెలియదు.

రైలుమార్గములందు కూడ ఇదే నీతి. 1872లో అమెరికాలో విలియం రాబిన్‌సన్ కనిపెట్టిన పట్టాల వలయములో, దారి ఖాళీగా నున్నప్పుడే పట్టాలగుండ వచ్చిన ప్రవాహము రిలేను లాగిపట్టును. బండి వచ్చినను, పట్టా విరిగినను, తీగ తెగినను రిలే విడిచివేయును. సంకేతము ప్రమాదమును చూపును. మార్కాపురం రోడ్డు, కంభము, గిద్దలూరుల మీదుగా రైలులో పోవువారు కూడ ఇట్టి నీతిని నమ్మియే నిశ్చింతగ నిద్రించుచున్నారు.

రెండు హెచ్చరికలు చేసి ముగింతుము. కడ్డీలకు పోవు పండ్రెండు వోల్టుల వలయమునకును, ఇంటి కరెంటునకును ఎక్కడను నేరుగ సంబంధముండరాదు. స్టార్టరువైపు పనిని తెలిసిన ఎలక్ట్రీషియనుకే విడువవలెను. ప్రవాహము ఒకే దిశలో పోవుచున్నచో కడ్డీలు తినివేయబడి పాచి కట్టును గనుక, తుప్పుపట్టని ఉక్కువే వాడి, అప్పుడప్పుడు తీసి తుడువవలెను. మీరు కొనదలచిన యంత్రము ఎంత ఖరీదైనదైనను, అమ్మువానిని ముందుగా ఈ ఒక్క ప్రశ్న అడుగుడు: "తీగ తెగితే మోటారు ఆగుతుందా, తిరుగుతుందా?" ఆగునని రూఢిగా చెప్పి, మీ యెదుటనే తీగను విప్పి చూపినప్పుడే దానిని బోరునకు కట్టుడు.