తాజీన్ కుండలో వంట



కిందటిసారి నేను రాచ్చిప్పలో చారు కాచడం గురించి మాట్లాడాను. ఆ తర్వాత ఒకావిడ ఫోన్ చేసి, "మీ ఇంట్లో మొరాకో వాళ్ళ కుండ కూడా ఉందట కదండీ, కోసుగా గొడుగులాంటి మూత ఉంటుందే, దాని గురించి చెప్పకూడదూ" అన్నారు. చెబుతాను. కానీ ఆ కుండ గురించి చెప్పాలంటే నేను చేసిన రెండు తెలివితక్కువ పనులు కూడా చెప్పాలి. రెండోది కాస్త పెద్దదే.

తాజీన్ అంటే కుండ పేరూ అదే, దాన్లో వండిన కూర పేరూ అదే. కింద లోతు తక్కువ మట్టి మూకుడు, పైన శంకువులాంటి మూత, అంతే. మొరాకోలో దాన్ని బొగ్గుల కుంపటి మీద పెట్టి గంటలకొద్దీ మగ్గనిస్తారు. నీళ్ళు చాలా కొద్దిగా పోస్తారు. ఉల్లిపాయలో, మాంసంలో ఉన్న తడే ఆవిరై పైకి పోయి, మూత లోపలి గోడలకు చేరి, మళ్ళీ బొట్లు బొట్లుగా కూరలోకే దిగుతుంది. ముదురు మాంసం కూడా ఎముక వదిలేసేంత మెత్తగా ఉడుకుతుంది. చాలామంది కుస్‌కుస్ కూడా దీన్లోనే వండుతారనుకుంటారు. కాదు, దానికి మన ఇడ్లీపాత్ర లాంటి వేరే ఆవిరి పాత్ర ఉంది. తాజీన్‌ని రొట్టె ముక్కతో నంజుకుంటూ అందరూ ఒకే కుండ చుట్టూ కూచుని తింటారు.

మా పక్కింటావిడది ఫెజ్ పట్టణం. ఒక రంజాన్ నెలలో ఆవిడ పంపిన కోడికూర తిన్నాక నాకు ఈ పిచ్చి పట్టుకుంది. వెంటనే పూత లేని మట్టి తాజీన్ ఒకటి కొన్నాను. ఇంటికి తెచ్చి, గ్యాస్ పొయ్యి మీద పెట్టి, మంట పెద్దది చేసి పోపు వేశాను. ఆవాలు చిటపటమన్నాయి, ఆ వెంటనే కుండ టప్పుమంది. నూనె పొయ్యంతా పారింది. మా వారు ఇప్పటికీ "నీ కుండ కూడా పోపులో చిటపటలాడింది" అంటారు.

కొత్త రాచ్చిప్పను గంజితో, నూనెతో ఎలా అలవాటు చేస్తామో దీన్నీ అలాగే చెయ్యాలి. కుండనీ మూతనీ రాత్రంతా నీళ్ళలో ముంచి ఉంచండి, బుడబుడా బుడగలొస్తాయి. పొద్దున తీసి, తడి ఆరాక ఆలివ్ నూనె లోపలా బయటా పట్టించి, చల్లగా ఉన్న అవెన్‌లో పెట్టి, అప్పుడు వేడి మొదలుపెట్టాలి. 300 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో 2 గంటలు. ఆపేశాక తలుపు తీయకుండా దానంతటదే చల్లారనివ్వాలి. పొయ్యి మీద వండేటప్పుడు కింద డిఫ్యూజర్ అనే ఇనుప పళ్ళెం తప్పనిసరి. మంట ఎప్పుడూ సన్నగానే. వేడి కుండలో చన్నీళ్ళు పోయకండి, వేడి కుండని తడి గట్టు మీద దించకండి. ఇండక్షన్ పొయ్యి మీద మట్టికుండ వేడెక్కదు.

ఇక రెండో తప్పు. మొదటిది పగిలాక, ఒక బజారులో నీలం, పసుపు ముగ్గులు వేసి నిగనిగలాడే తాజీన్ కనిపించింది. అడుగున చిన్న కాగితం అంటించి ఉంది, అలంకరణకు మాత్రమే, ఆహారానికి కాదు అని. నేనే గోటితో గీకి తీసేశాను. పెద్ద మంట మీద పెట్టొద్దని చెబుతున్నారు కాబోలు అనుకున్నాను. నాలుగు నెలలపాటు దాన్లో బెండకాయ పులుసు, టమాటా పప్పు, అన్నీ వండాను. పప్పన్నం ఎక్కువగా తిన్నది మా మనవరాలు.

మా న్యూజెర్సీలో పిల్లలకు ఏడాది వయసులో ఒకసారి, రెండేళ్ళ వయసులో ఒకసారి రక్తంలో సీసం పరీక్ష చేయించాలి. దాని రెండేళ్ళ పరీక్షలో సీసం ఉండాల్సినదానికన్నా ఎక్కువ వచ్చింది. పిల్ల హాయిగా ఆడుకుంటోంది, ఒంట్లో ఏ తేడా లేదు. డాక్టరుగారు కాటుక పెడతారా, పసుపు ఎక్కడ కొంటారు, ఇత్తడి గిన్నెల్లో వండుతారా అని అడిగారు. తర్వాత ఇంటికి వచ్చినావిడ పిస్తోలులాంటి యంత్రం ఒక్కో వస్తువుకీ ఆనించి చూసింది. గోడలు బాగున్నాయి, పసుపు బాగుంది. తాజీన్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ముఖం మారిపోయింది.

సీసం కలిపితే పూత తక్కువ వేడికే కరిగి నిగనిగలాడుతుంది, రంగులు బాగా తేలతాయి. అలాంటి పూత సరిగ్గా కాలకపోతే పులుపు తగిలినప్పుడు సీసం కూరలోకి దిగుతుంది. నిమ్మరసం, టమాటా, చింతపండు, పైగా గంటలకొద్దీ వేడి. ఎంత తోమినా, ఎంత మరిగించినా అది పోదు. మా అమ్మ కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు పెట్టనిచ్చేది కాదు, చిలుమెక్కుతుందని కళాయివాడు వచ్చేదాకా అటక మీద పెట్టేసేది. అది చూస్తూ పెరిగిన దాన్ని నేను.

ఆ కుండ ఆపాక, ఐరన్, కాల్షియం ఉన్న తిండి పెడుతూ ఉంటే కొన్ని నెలలకు లెక్క దిగింది. పిల్లలకు ఇంత సీసం ఉంటే పరవాలేదన్న స్థాయంటూ ఏదీ లేదని డాక్టరుగారు చెప్పిన మాట మాత్రం నా చెవిలో ఇంకా ఉంది. మా అమ్మాయి నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది.

ఇప్పుడు నా దగ్గరున్నది పూత లేని ఎర్రమట్టిది, పక్కింటావిడ తన ఊరి నుంచి తెచ్చిచ్చింది. పూత ఉన్నది కావాలంటే ఆహారానికి తగినదని తయారీదారు రాసి ఇచ్చినదే కొనండి. ఇంట్లో చేసే పుల్లల పరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన నమ్మేయకండి.

ఆవిడ నేర్పిన కోడికూర చెప్పి ముగిస్తాను. అడుగున ఉల్లిపాయ చక్రాలు పరవండి, మాంసం అంటుకోదు. 3 పౌన్ల కోడి ముక్కలకు 4 వెల్లుల్లి రేకలు, చెంచాడు శొంఠిపొడి, అరచెంచా చొప్పున పసుపు, మిరియాలపొడి, చిటికెడు కుంకుమపువ్వు, పావు కప్పు ఆలివ్ నూనె పట్టించి పేర్చండి. కొత్తిమీర కట్ట దారంతో కట్టి పైన పెట్టి, అరకప్పు నీళ్ళు పక్కనుంచి పోయండి. సన్నని సెగ మీద గంటన్నర నుంచి రెండు గంటలు. మధ్యలో గరిటె పెట్టి కలపకండి, అది మనవాళ్ళకు కష్టమే. దించే ముందు ఉప్పులో ఊరిన నిమ్మకాయ తొక్క, గుప్పెడు ఆలివ్ కాయలు వేసి పావుగంట మగ్గనివ్వండి. ఆ నిమ్మకాయ కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. మన నిమ్మకాయ పచ్చడికి కారం, మెంతిపొడి కలపక ముందు ఉప్పులో ఊరుతున్న ముక్కలు కొన్ని తీసి పక్కన పెట్టుకోండి. కడిగి, గుజ్జు తీసేసి తొక్క వాడండి. ఉప్పు మాత్రం చివర్లో రుచి చూసి వేసుకోండి, నిమ్మకాయలోనూ ఆలివ్‌లలోనూ ఉండనే ఉంది.

శాకాహారులకు బంగాళాదుంప, క్యారెట్, నానబెట్టి ఉడికించిన శనగలు ఇదే పద్ధతిలో బాగుంటాయి. మా మనవరాలికి ఆ క్యారెట్లంటేనే ఇష్టం. ఉంటానండీ, నమస్కారం.