విశ్వవిజేత దుష్టుడా?

మాసిడోనియా ప్రభువగు అలెగ్జాండరును విశ్వవిజేతయని మనము చదివికొంటిమి. అతడు దుష్టుడా యను ప్రశ్నకు ధర్మదృష్టితో సమాధానము వెదకుదము.

క్రీ.పూ. 326లో జీలం నదీతీరమున ఓడిన పురుషోత్తముని రాజోచితముగా గౌరవించి, రాజ్యమును తిరిగి యిచ్చెను. పర్షియా రాజగు డరయసు తల్లిని, భార్యను మర్యాదతో కాపాడెను. ఇవి సుగుణములే. కాని క్రీ.పూ. 335లో థీబ్స్ నగరమును నేలమట్టము గావించి, మిగిలిన ప్రజలను బానిసలుగా అమ్మించెను. భారతదేశపు వాయవ్యదిక్కున మస్సగ కోటను కాచిన సైనికులతో సంధి చేసికొని, వారు వెలుపలికి రాగానే వధింపజేసెను. అతని చరిత్రను వ్రాసిన ప్లూటార్కే ఈ కృత్యము అతని యుద్ధకీర్తికి కళంకమనెను.

తన ప్రాణమును కాపాడిన క్లైటసును మద్యపు మైకమున స్వహస్తముతో చంపి, దినములతరబడి విలపించెను. దేశములను గెలిచినవాడు క్రోధమును గెలువలేకపోయెను. ఆ కన్నీటిలో ఒక్క చుక్కయైనను మస్సగ తల్లులకు దక్కెనా?

రావణుని పాండిత్యమును మెచ్చుచునే సీతాపహరణమును మనము గర్హించుచున్నాము గదా! ఇచ్చటను అదే కొలబద్ద. అతనిని రాక్షసుడని త్రోసివేయనక్కరలేదు. శౌర్యము పేరిట పాపమును కప్పిపుచ్చనురాదు. మన పిల్లలకు విజేత కథ చెప్పునపుడు, ఓడినవారి దుఃఖమును గూడ చెప్పుదము.