చేతిపని ఎవరిది, సంతకం ఎవరిది?

(స్త్రీలు - ఉపాధి అనే అంశంపై కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల గురించి చర్చించే చోట తోటల ప్రసక్తి ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను మాట్లాడబోయేది మొక్కల గురించి కాదు, సర్టిఫికెట్ గురించి. పని చేసే వంతు ఎవరికి వస్తుంది, ఆ పనికింద సంతకం పెట్టే అధికారం ఎవరికి దక్కుతుంది అన్నది నా ప్రశ్న.

ల్యాండ్‌స్కేప్ డిజైన్ అంటే అలంకరణ అనుకుంటాం. నిజానికి ఒక స్థలంలో వాన నీరు ఎటు పోవాలి, దారి ఎక్కడ వేయాలి, ఏ చెట్టు ఎక్కడ నాటాలి, పదేళ్ల తర్వాత దాని నీడ ఎక్కడ పడుతుంది అన్నవన్నీ ముందే ఆలోచించి నక్షా గీయడం అది. తోటపని స్త్రీల పనే అని అందరూ ఒప్పుకుంటారు. అది వృత్తిగా, గౌరవంగా, ఆదాయంగా మారేసరికి మాత్రం స్త్రీలు గుమ్మం బయట ఉండిపోతారు.

ఈ వృత్తి సంఘటితమైంది అమెరికాలో. 1899లో అక్కడి ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టుల సంఘాన్ని స్థాపించిన పదకొండు మందిలో ఒకే ఒక్క స్త్రీ, బియాట్రిక్స్ ఫరాండ్. ఆమె ఈ విద్యను వృక్షశాస్త్రజ్ఞుడు చార్లెస్ సార్జెంట్ దగ్గర నేర్చుకుంది. అప్పట్లో ప్రభుత్వ పార్కుల పనులు ఎక్కువగా మగవాళ్లకే దక్కేవి. స్త్రీలకు మిగిలినవి సంపన్నుల ఇళ్ల తోటలు. అంటే వృత్తిలోకి వచ్చాక కూడా ఇంటి ప్రహరీ దాటనివ్వలేదన్నమాట.

హార్వర్డ్‌లో ఈ చదువు ఉన్నా స్త్రీలకు ప్రవేశం లేదు. అందుకని మసాచుసెట్స్‌లో స్త్రీల కోసం వేరే పాఠశాలలు పుట్టాయి. 1901లో లోథార్ప్, 1915లో కేంబ్రిడ్జ్ స్కూల్ అలా వచ్చినవే. హార్వర్డ్ డిజైన్ విభాగం 1942లో స్త్రీలను చేర్చుకుంది. యుద్ధం వల్ల మగ విద్యార్థులు తగ్గిపోయిన సంవత్సరం అది. అదే ఏడాది కేంబ్రిడ్జ్ స్కూల్ మూతపడింది. తలుపు తెరుచుకున్నది న్యాయబుద్ధితోనా, అవసరం కొద్దీనా అన్నది మీరే ఆలోచించండి.

తర్వాత లైసెన్సు వచ్చింది. 1953లో కాలిఫోర్నియాతో మొదలై మిగతా రాష్ట్రాలకూ పాకింది. చదువు, అనుభవం, పరీక్ష ఉంటేగానీ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అని చెప్పుకోకూడదు. ఇందులో సబబు లేకపోలేదు. గోడ కూలినా, నీళ్లు ఇళ్లలోకి వచ్చినా జవాబుదారీ ఎవరో తెలియాలి కదా. కానీ డిగ్రీ లేకుండా తోటలు రూపొందించేవాళ్లు 'డిజైనర్' అనే పేరుతో మిగిలిపోయారు. 1989లో అక్కడ ల్యాండ్‌స్కేప్ డిజైనర్ల సంఘం ఒకటి ఏర్పడింది. అది వాళ్లు పూర్తిచేసిన తోటల నక్షాలు, ఫోటోలు పరిశీలించి సర్టిఫికెట్ ఇస్తుంది. అది చట్టం ఇచ్చే లైసెన్సు కాదు. అయినా చేసిన పనిని చూసి యోగ్యతను నిర్ణయించవచ్చని రుజువు చేసింది. మనకు కావలసిన పాఠం ఇదే.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం భవనాల ఆర్కిటెక్టులను నమోదు చేస్తుంది. ల్యాండ్‌స్కేప్ వృత్తికి అలాంటి ప్రత్యేక చట్టం లేదు. 2003లో వృత్తి సంఘం ఒకటి వచ్చింది. పై చదువుకు వెళ్లాలంటే సాధారణంగా ముందు ఐదేళ్ల ఆర్కిటెక్చర్ డిగ్రీ ఉండాలి. ఐదేళ్ల ఫీజు, నగరంలో హాస్టలు, ఆపైన మరో రెండేళ్లు. ఆడపిల్ల పెళ్లికి దాచిన డబ్బు చదువుకు తీయని ఇళ్లలో ఈ లెక్క ఎక్కడ ఆగిపోతుందో మీకు చెప్పనక్కర్లేదు.

ఇక నిచ్చెన అడుగు మెట్టు చూడండి. తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీల నుంచి ఎన్నో రాష్ట్రాలకు మొక్కలు వెళతాయి. సంచుల్లో మట్టి నింపేదీ, అంట్లు కట్టేదీ, నీళ్లు పెట్టేదీ చాలావరకు స్త్రీలే. అక్కడ నాతో మాట్లాడిన ఒకామె ఇలా అంది: "నీడన పెరిగిన మొక్కని తీసికెళ్లి ఎండలో పెడితే నాలుగు రోజుల్లో తల వాల్చేస్తదండి. కాయితం మీద గీసినాయనకి ఆ సంగతి తెల్దండి." ఇది డిజైన్ జ్ఞానం కాదా? ఆమె రోజు కూలీలో ఆ జ్ఞానానికి ఒక్క పైసా లేదు.

ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో గార్డెనర్ సర్టిఫికెట్ ఉంది. 2015లో మొదలైన కౌశల్ వికాస్ యోజనలో అనుభవంతో నేర్చుకున్న పనిని గుర్తించే పద్ధతిని కూడా చేర్చారు. మంచిదే. కానీ గార్డెనర్ దగ్గర నుంచి డిజైనర్ దాకా మధ్యలో మెట్లు లేవు. తోటమాలిగా గుర్తించి అక్కడే నిలబెట్టేస్తే అది గుర్తింపూ అవుతుంది, గీత కూడా అవుతుంది.

కాబట్టి మనం అడగవలసినవి మూడు. ఒకటి, చేసిన పనిని చూసి ఇచ్చే సర్టిఫికెట్ డిజైన్ స్థాయి వరకూ ఉండాలి. రెండు, నక్షా చదవడం, కొలతలు, అంచనాలు వేయడం నేర్పే చిన్న కోర్సులు పని మానుకోకుండా, మాతృభాషలో, పిల్లల్ని చూసుకునే ఏర్పాటుతో జరగాలి. మూడు, మునిసిపాలిటీలు పార్కులకు టెండర్లు పిలిచేటప్పుడు ఇలా సర్టిఫికెట్ పొందిన స్త్రీల సంఘాలకు కొన్ని పనులు కేటాయించాలి. పని రాకపోతే సర్టిఫికెట్ గోడకు వేలాడే పటం మాత్రమే.

డిగ్రీలు వద్దని నేను అనడం లేదు. మన ఆడపిల్లలు ఆ కాలేజీల్లోకీ వెళ్లాలి. కానీ ముప్ఫై ఏళ్లుగా మట్టిలో చేయి పెట్టిన స్త్రీ మళ్లీ పద్దెనిమిదేళ్ల పిల్ల కాలేదు. ఆమెను లెక్కలోకి తీసుకునే పద్ధతి మనం ఏర్పరచాలి. మీ ఊళ్లలో నర్సరీ పని చేసే స్త్రీలతో ఈ మాట కదిలించండి. వాళ్లేమంటారో విన్నాక తర్వాతి అడుగు కలిసి ఆలోచిద్దాం.