ఫోన్‌లో వచ్చే సర్వేలు – మన జవాబులు

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈమధ్య ప్రతిదానికీ ఫోన్‌లో సర్వే వస్తా ఉంది. లోను దేనికి కావాలి, ఏ ట్రైనింగ్ కావాలి అని వాట్సాప్‌లో లింకు పంపుతారు. చాలామందిమి తెరవం. తెరిచినా సగంలో వదిలేస్తాం. "ఆడోళ్ళకు శ్రద్ధ లేదు" అని తేల్చేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను.

మన మెట్ట ప్రాంతం ఆడవాళ్ళు అడిగితే చెప్పని వాళ్ళు కాదు. 1990 తర్వాత అక్షరదీపం రాత్రిబడుల్లో సీతమ్మ కథ చదివి, ఇది మన ఇంటి కథే కదా అని మాట్లాడుకున్నారు. కలిగిరి మండలం దూబగుంటలో లేచిన సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే రోజుకు రూపాయి పొదుపుతో పొదుపులక్ష్మి సంఘాలు పెరిగాయి. మన బతుకు గురించి మన మాటల్లో అడిగితే జవాబు వస్తుంది.

మరి ఫోన్ సర్వేకి ఎందుకు రావడం లేదు? ఇంటికి ఒకటే ఫోను, అదీ మగాయన చేతిలోనో పిల్లోడి చేతిలోనో ఉంటుంది. మనం కూలికి పోయిన వేళ లింకు వస్తుంది. సన్న అక్షరాలు, అర్థంకాని ఆఫీసు మాటలు, ముప్పై ప్రశ్నలు. చివర్లో సిగ్నల్ పోతే మళ్ళీ మొదటికే.

చెప్పకపోతే నష్టమేంది అంటారా? 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక, అధ్యక్ష ఎన్నికల్లో ఎవరు గెలుస్తారని సుమారు 1 కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని చూసి ల్యాండన్ గెలుస్తాడని రాసింది. తీరా 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్ గెలిచాడు. చిరునామాలు ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవాళ్ళ జాబితాల నుంచి తీసుకున్నారు. కార్డు అందినవాళ్ళలోనూ చాలామంది జవాబివ్వలేదు. మన దగ్గరా అంతే. మంచి ఫోను, తీరిక ఉన్నవాళ్ళే చెప్తే, ఒంటరి ఆడవాళ్ళు, చదువురాని వాళ్ళు, మేకలు కాసుకునే వాళ్ళు లెక్కలోకి రారు. గేదెల లోను కావాల్సిన ఊరికి కుట్టుమిషన్ ట్రైనింగ్ వస్తుంది.

అందుకే సర్వే పంపేవాళ్ళను మనం ఇవి అడగాలి:

1. ప్రశ్నలు పదికి మించకూడదు. ఎంతసేపు పడుతుందో ముందే చెప్పాలి.

2. ఒక ప్రశ్నలో ఒకటే సంగతి ఉండాలి. "లోను అందిందా, ఉపయోగపడిందా" అని కలిపి అడిగితే ఏమని చెప్తాం?

3. "తెలియదు", "చెప్పడం ఇష్టం లేదు" అనే జవాబులూ ఉండాలి.

4. చదవలేని వాళ్ళకు ప్రశ్న వినపడాలి. సిగ్నల్ లేకపోయినా నింపింది పోకూడదు.

5. అందరికీ పంపేముందు ఐదారుగురు సభ్యుల చేత నింపించి, ఎక్కడ ఆగిపోతున్నారో పక్కన కూర్చుని చూడాలి.

6. బయటి అప్పుల గురించి అడిగితే, జవాబు ఎవరు చూస్తారో ముందే చెప్పాలి.

మన వంతు కూడా ఉంది. సంఘం మీటింగు రోజే సర్వేకి పావుగంట కేటాయిద్దాం. చదువుకున్న సభ్యురాలు ప్రశ్న చదివి వినిపించాలి గానీ జవాబు ఆమె చెప్పకూడదు. రానివాళ్ళ ఇంటికి ఒకసారి పోదాం.

ఒక జాగ్రత్త. లింకు అంటే భయపడటం తప్పు కాదు. సర్వేకి ఓటీపీ, ఏటీఎం పిన్ అవసరం లేదు. అడిగితే అది మోసమే. ఎవరు పంపారో వీఓఏని అడిగాకే తెరవండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

చివరిగా, మనం చెప్పింది ఏమైందో మనకు తిరిగి చెప్పాలి. "మీరు ఇది అడిగారు, ఇది చేశాం, ఇది చేయలేకపోయాం" అని గ్రామ సమాఖ్య మీటింగులో వినిపించాలి. అది జరిగితే రెండోసారి జవాబు కోసం ఎవరూ మనల్ని బతిమాలక్కర్లేదు. దీన్ని ఈరోజే తీర్మానంగా రాసుకోవాలని కోరుతున్నాను.