ఎత్తుకపోయిన కారుకు బీమా సొమ్ము
(పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరీంనగర్, ఆదిలాబాద్ సంఘాల్లో తనిఖీకి వచ్చినప్పుడు కార్ల బీమా సంగతీ మమ్మల్ని అడుగుతున్నారు. దొంగతనం జరిగితే కంపెనీవారు “పాత బండి, ఇంతకన్నా రాదు” అన్నంత మాత్రాన ఒప్పుకోవద్దని మా మనవి.

పాలసీలో ఐడీవీ అని ఒక మొత్తం ఉంటుంది. తరుగుదల ముందే తీసివేసి కట్టిన విలువ అది. రెండేళ్లు దాటి మూడేళ్ల లోపు బండికి 30 శాతం తగ్గిస్తారు. పాలసీ నడిచే ఏడాదిలో బండి పోతే ఆ మొత్తమే లెక్క. ఎక్సెస్ కింద రాసింది పోతుంది గాని, మళ్లీ తరుగు తీయరాదు. వెన్నశాతం చూసి కట్టిన ధరలో మళ్లీ కోత పెడితే మీరు ఊరుకుంటారా? అయితే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవారికి దొంగతనం కింద పైసా రాదు.

పోయిన నాడే ఠాణాలో ఎఫ్.ఐ.ఆర్. చేయించండి. కంపెనీకీ వెంటనే రాసి రసీదు తీసుకోండి. ఆలస్యమైందని నిరాకరిస్తే 2020 జనవరి నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపండి. అందులో ట్రాక్టరు పోయిన రోజే ఎఫ్.ఐ.ఆర్. అయింది, కంపెనీకి తెలిపింది 52 రోజులకు. అయినా సొమ్ము ఇవ్వవలసిందే అన్నారు.

“పూర్తి పరిష్కారం” అన్న వోచరు మీద తొందరపడి సంతకం చేయవద్దు. కోత ఎందుకో రాతలో అడగండి. అర్జీ పెట్టినా వినకపోతే హైదరాబాదులో బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఏడాది లోపు పోవాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కైతే గడువు రెండేళ్లు.