ఆ పెట్టెను చూపొద్దనే హక్కు ఎవరిది?

(తాడేపల్లిగూడెం దగ్గరి పేటలో జరిగిన కార్యకర్తల కూడికలో చేసిన ప్రసంగం)

అన్నలారా, అక్కలారా, మిలటరీలో చేరాలని తెల్లారకముందే చేపల చెరువు గట్ల మీద పరుగులు తీస్తున్న తమ్ముళ్ళారా!

ఈ రోజు మనం మాట్లాడుకోవాల్సిన విషయం కాస్త కటువైంది. సరిహద్దులో చనిపోయిన జవాను శవం ఇంటికొస్తుంటే, ఆ ఫోటోలు పేపర్లో వెయ్యకూడదు, టీవీలో చూపకూడదు అని ప్రభుత్వం అడ్డం పడొచ్చా? "కుర్రోళ్ళు పరుగులు పెడుతుంటే చావు మాటలెందుకండీ" అని ఇందాక ఒక తల్లి అడిగింది. ఆమె బాధ న్యాయమైంది. కానీ మనం మాట్లాడుకోకపోతే మన చావుల గురించి కూడా వేరేవాళ్ళే మాట్లాడేస్తారు. ఇన్నాళ్ళూ జరిగిందదే.

ఈ గూడేనికి యుద్ధం కొత్తేం కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు ఇక్కడ విమానాలు దిగే రన్‌వే వేశారు. పక్కనే మాధవరం. మిలటరీ మాధవరం అంటే తెలియని వాళ్ళు మన జిల్లాలో లేరు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరినుంచి వెళ్ళారు, ఇప్పటికీ వెళ్తున్నారు. స్మారక స్తూపం కూడా ఉంది. అయితే ఆ యుద్ధాల్లో పోయినవాళ్ళ శవాలు ఇళ్ళకు రాలేదు. చచ్చినవాణ్ణి చచ్చినచోటే ఉంచాలని మొదటి యుద్ధంలోనే బ్రిటిష్ సర్కారు నియమం పెట్టింది. ఇంటికొచ్చేది కబురే, లేకపోతే ఒక కాగితం. దొరైనా కూలోడైనా చావులో అందరూ సమానమే అని ఆ సర్కారు గొప్పగా చెప్పుకుంది కూడా. తీరా చూస్తే ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద ఆఫీసర్ల పేర్లు చెక్కి, మన దేశపు మామూలు సిపాయిలను దళానికి ఇంతమంది అని అంకెల్లో సరిపెట్టారు. ఆసియా, ఆఫ్రికా సిపాయిల విషయంలో వివక్ష జరిగిందని ఆ సమాధుల కమిషన్ 2021లో ఒప్పుకుంది. నూరేళ్ళు పట్టింది ఆ మాట అనటానికి. వెలివాడ అంటే ఏమిటో తెలిసిన మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

మన దేశంలో జవాను శవాన్ని సొంతూరికి చేర్చటం రివాజుగా మారింది 1999 కార్గిల్ యుద్ధంతో. ఆ యుద్ధంలో 527 మంది చనిపోయారు. అప్పుడే ఇళ్ళల్లోకి టీవీ న్యూస్ కూడా వచ్చింది. జెండా కప్పిన పెట్టె, తుపాకుల వందనం, ఏడుస్తున్న తల్లి – ఇవన్నీ మనం చూడటం అక్కణ్ణించే మొదలు.

చూపకూడదు అనేవాళ్ళు రెండు రకాలు. మొదటి రకం పాలకులు. శవాలు చూస్తే జనం ధైర్యం చెడుతుంది, శత్రువు సంబరపడతాడు అంటారు. అమెరికా ప్రభుత్వం 1991 గల్ఫ్ యుద్ధం రోజుల్లో సరిగ్గా ఇదే చేసింది. శవపేటికలు దిగే డోవర్ విమాన స్థావరంలో కెమెరాలను నిషేధించింది. వియత్నాం యుద్ధం టీవీలో చూసి జనం తిరగబడ్డారని వాళ్ళ భయం. ఆ నిషేధం 18 ఏళ్ళు నడిచింది. 2009లో ఎత్తేసి, చనిపోయినవాడి కుటుంబం ఒప్పుకుంటే ఫోటోలు తీసుకోవచ్చు అన్నారు. ఇక చైనా సంగతి. 2020 జూన్ 15న గల్వాన్ లోయలో మనవాళ్ళు 20 మంది చనిపోయారు. చైనా తన వాళ్ళలో ఎవరు పోయారో ఎనిమిది నెలలు నోరు విప్పలేదు. 2021 ఫిబ్రవరిలో నలుగురి పేర్లు చెప్పింది. ఆ లెక్కను అనుమానించి నెట్‌లో రాసినవాణ్ణి ఎనిమిది నెలలు జైల్లో పెట్టింది. కన్నవాళ్ళు వాడకట్టులో ఏడవటానిక్కూడా సర్కారు సెలవు కావాలన్నమాట.

మన ప్రభుత్వం అలా దాచలేదు కదా అని మీరనొచ్చు. నిజమే. గల్వాన్‌లో చనిపోయిన కర్నల్ సంతోష్‌బాబు అంత్యక్రియలు సూర్యాపేట దగ్గర కేసారంలో జరిగితే తెలుగువాళ్ళంతా టీవీల్లో చూశారు. చూడాల్సిందే, ఆ గౌరవం ఆయనకు దక్కాల్సిందే. అదే 2020లో మూడు నెలలు గడిచాక, సెప్టెంబరు 30 తెల్లవారుజామున, ఉత్తరప్రదేశ్ హత్రాస్‌లో మన దళిత బిడ్డ శవాన్ని పోలీసులు ఏం చేశారు? కన్నవాళ్ళను ఇంట్లో ఆపేసి, కడసారి చూపు లేకుండా చీకట్లో కాల్చేశారు. దీన్ని అలహాబాద్ హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో, కరోనా చితులు కెమెరాకు కనపడకుండా లక్నో శ్మశానం చుట్టూ రేకులు కట్టారు. చూపటమూ దాచటమూ రెండూ వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. ఏ శవం వాళ్ళ పేరు నిలబెడుతుందో దానికి కెమెరాలను పిలుస్తారు. ఏ శవం వాళ్ళను నిలదీస్తుందో దానికి రేకులు కడతారు. అందుకే నిషేధించే అధికారం సర్కారు చేతికి ఇవ్వొద్దంటున్నాం.

శవానికి ఎంత బలముందో మనకంటే ఎవరికి తెలుసు? 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి, శవాలను గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. ఎందుకు? శవం కనపడకపోతే నేరం కనపడదు కనక. ఆ శవాలను వెతికి తీసి, తీసుకొచ్చి, ఊరి నడిబొడ్డున పాతిపెట్టి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నాం. 2014లో హైకోర్టు శిక్షలు కొట్టేసింది కానీ ఆ సమాధులను ఎవరూ కొట్టెయ్యలేదు. 1955లో అమెరికాలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్ల పిల్లాణ్ణి తెల్లవాళ్ళు కొట్టి చంపి ఏట్లో పడేస్తే, తల్లి మేమీ టిల్ ఆ పెట్టె మూత తెరిచే ఉంచమంది. గుర్తుపట్టలేనట్టు చితికిన ఆ ముఖాన్ని నల్లవాళ్ళ పత్రికలు అచ్చేశాయి. చూపాలో వద్దో నిర్ణయించింది సర్కారు కాదు, పత్రికా కాదు, కన్నతల్లి. మా వాదన ఇక్కడే ఉంది.

రెండో రకం వాళ్ళు మనలోనే ఉన్నారు. "ఇంటి ఏడుపు బజార్న పెడతారా?" అంటారు. వీళ్ళ మాట కొట్టిపారేసేది కాదు. పెట్టె దిగీ దిగకముందే తల్లి నోటి దగ్గర మైకు పెట్టి "ఎలా ఫీలవుతున్నారమ్మా" అని అడిగేవాణ్ణి చూస్తే మాకూ ఒళ్ళు మండుతుంది. నెత్తురూ శవాలూ అడ్డూ అదుపూ లేకుండా చూపొద్దని 2023 జనవరిలో కేంద్ర సమాచార ప్రసార శాఖ టీవీ వాళ్ళకు సలహా పత్రం పంపింది. అందులో మంచి ఉంది. ఇంటివాళ్ళకు కబురు చేరకముందే జవాను పేరు బయటపెట్టకూడదన్నా మేము ఒప్పుకుంటాం. కదులుతున్న సైన్యాన్ని లైవ్‌లో చూపొద్దన్నా సరే. కానీ ఇంటివాళ్ళు చూపమంటుంటే కూడా వద్దనటం వేరు సంగతి. అది మర్యాద కోసం కాదు.

ఇంకో చేదు నిజం. కెమెరా వచ్చినంత మాత్రాన కులం పక్కకు తప్పుకోదు. 2016 జూన్‌లో కాశ్మీర్ పాంపోర్‌లో చనిపోయిన సీఆర్పీఎఫ్ జవాను వీర్ సింగ్ దళితుడు, నట్ కులంవాడు. ఉత్తరప్రదేశ్ ఫిరోజాబాద్ జిల్లాలోని ఆయన ఊరికి జెండా కప్పిన పెట్టె వచ్చింది. దహనం చెయ్యటానికి ఊరి ఉమ్మడి స్థలం ఇచ్చేది లేదని పెద్దకులాల వాళ్ళు అడ్డం కూచున్నారు. అధికారులొచ్చి బతిమాలితే పది మీటర్ల ముక్క ఇచ్చారు. దేశం కోసం చచ్చినవాడికి సొంతూళ్ళో ఆరడుగుల నేల కోసం పంచాయితీ! ఈ సంగతి పత్రికల్లో రాబట్టే మనకు తెలిసింది. ఫోటోలూ విలేకరులూ వద్దని ఆంక్ష ఉంటే, సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు ముగిశాయని ఒక ముక్క రాసి ఊరుకునేవాళ్ళు. కొల్లేటి లంకల్లో, చెరువులు తవ్వేశాక శ్మశానానికి దారి మిగలని పేటల్లో ఉంటున్న మీకు ఆ పది మీటర్ల విలువ తెలుసు.

మన రాష్ట్రం సంగతే చూడండి. 2025 మే నెలలో సరిహద్దులో చనిపోయిన మురళీ నాయక్ శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా బిడ్డ. లంబాడీ కుటుంబం. ఒక్కగానొక్క కొడుకు. మంత్రులొచ్చారు, కెమెరాలొచ్చాయి, తండా జనంతో నిండిపోయింది. ఆయన అగ్నివీర్. అంటే 2022లో పెట్టిన నాలుగేళ్ళ ఉద్యోగం. నాలుగేళ్ళయ్యాక నూటికి పాతిక మందికి మించి ఉంచుకోరు. చనిపోతే ఇన్సూరెన్సు, పరిహారం ఇస్తారు కానీ పర్మినెంటు జవాను కుటుంబానికి వచ్చే పెన్షన్ ఉండదు. ఇది న్యాయం కాదని ఆ తల్లి బొంబాయి హైకోర్టు మెట్లెక్కింది. పెట్టె వచ్చిన రోజు అంతసేపు చూపిన ఛానళ్ళు ఆ కోర్టు కేసును ఎంతసేపు చూపాయి? మీరే చెప్పండి. ఫోటో ఉండాలంటున్నాం. ఫోటో పక్కన ఈ లెక్క కూడా ఉండాలంటున్నాం.

(గల్ఫ్ నుంచి వచ్చే పెట్టెల గురించి వెనకనుంచి ఎవరో అడిగారు. మన గోదావరి జిల్లాల ఆడపిల్లలు కువైట్ పోయి పెట్టెలో తిరిగొస్తే విమానాశ్రయం దగ్గర ఒక్క కెమెరా ఉండదు, మంత్రి ఉండడు, జెండా సంగతి సరేసరి. అది వేరే రోజు మాట్లాడుకోవాలి. తప్పకుండా మాట్లాడుకుందాం.)

ఇక పని మాట. కుటుంబం ఇష్టమే చెల్లాలి అంటే వినటానికి బాగానే ఉంటుంది. కానీ మన ఇళ్ళల్లో కలెక్టరు, ఎమ్మెల్యే గుమ్మంలో నిలబడితే వద్దనే ధైర్యం ఎంతమందికి ఉంది? ఒప్పుకున్నారని వాళ్ళే రాసేసుకుంటారు. అందుకని ఒక పద్ధతి పెట్టుకుందాం. మన పేటల్లో మిలటరీలోనూ సీఆర్పీఎఫ్‌లోనూ ఉన్నవాళ్ళ ఇళ్ళకు సంఘం తరఫున ఇద్దరు వెళ్ళాలి. అందులో ఒకరు ఆడమనిషి కావాలి. చావు కబురు మోసుకెళ్ళినట్టు కాదు, మామూలుగా, కుర్రోడు సెలవుకొచ్చినప్పుడే. ఫోటోలు తియ్యనివ్వాలా వద్దా, ఎవరు మాట్లాడాలి, నాయకులు పెట్టె పక్కన నిలబడొచ్చా – ఇవి ఆ అబ్బాయి నోటితోనే ఇంటివాళ్ళకు చెప్పించాలి. ఎవరూ రావద్దంటే సంఘం కుర్రోళ్ళు వీధి మొదట్లో నిలబడి కెమెరాలను ఆపాలి. లోకమంతా చూడాలంటే ఏలూరు, భీమవరం విలేకరులకు మనమే ఫోన్ చెయ్యాలి. శ్మశానానికి దారి ఉందా, స్థలం పంచాయతీ రికార్డులో మన పేరున ఉందా అన్నది కూడా అదే రోజు చూసుకోవాలి. ఆకివీడు, కైకలూరు వైపు సంఘాలవాళ్ళు ఈ పని ముందు మొదలెడతామన్నారు. గూడెం మండలం వాళ్ళు భోజనాలయ్యాక పేర్లు ఇచ్చి వెళ్ళండి.